సుగ్గికి పోని ఏడు

శివలీల వయసు ముప్పై ఆరు. ఆమె ఆధార్ కార్డు వయసు నలభై ఎనిమిది. ఈ పన్నెండేళ్ల తేడా ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆమె అత్త రామసుబ్బమ్మను నాలుగు తిట్లు తిట్టాలి. తిడదాం, తొందరేముంది. ముందు శివలీల సంగతి చూద్దాం.

ఆలూరుకు ఏడు మైళ్ల దూరంలో నల్లకొట్టాల అని ఒక ఊరుంది. అరవై గడప. అంతా నల్లరేగడి, వాన పడితే పంట, పడకపోతే ఎండిన మట్టిలో పగుళ్లు. దీపావళి దాటిందంటే మేస్త్రీ ఓబుళేశు లారీ తెచ్చి వీధి మొదట్లో ఆపుతాడు. వంటగిన్నెలు, దుప్పట్లు, కోళ్లు, చంటిపిల్లలు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. గుంటూరు పక్కకు పోయి మొదట పత్తి తీసి, తర్వాత మిరపకాయలు కోసి, మళ్లీ ఉగాదికి దిగుతారు. దీన్ని ఆ పక్క సుగ్గికి పోవడం అంటారు. వినడానికి పండగ మాటలా ఉంటుంది గానీ, చేను గట్టున ప్లాస్టిక్ పట్టా గుడిసెలా కట్టుకుని, కారం మండే చేతులతో అన్నం తిని, ఐదారు నెలలు గడపడం అది.

శివలీల పుట్టింది కూడా అట్లాంటి పట్టా కిందే. పుట్టిన దగ్గర్నుంచి ఈ ముప్పై ఆరేళ్లలో ఒక్క ఏడు కూడా ఆమె సుగ్గి తప్పలేదు. పెళ్లయిన ఏడు తప్పుతుందేమో అనుకుంది. సుంకన్న తాళి కట్టిన పన్నెండో రోజున ఇద్దరూ లారీలోనే ఉన్నారు.

ఆమెకు ఉన్నది ఒకటే కోరిక. ఒక ఏడాది, ఉగాది నుంచి ఉగాది దాకా, తన ఇంట్లో తను పడుకోవాలి. ఇది ఎవరితోనైనా చెబితే నవ్వుతారని బయటికి చెప్పేది కాదు. ఇల్లంటే పెద్ద మేడా? రెండు గదుల బండల మిద్దె. కానీ మిరప చేనులో మధ్యాహ్నం పూట నీడకు కూర్చున్నప్పుడల్లా ఆ మిద్దె గుర్తొచ్చేది. తన తలుపు ముందు ఇప్పుడు ఎండ ఏ పక్క పడుతూ ఉంటుందో అని ఆలోచించేది. అది ఆమెకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు కాబట్టి.

కూతురు పుట్టాక ఆ కోరిక ఇంకా ముదిరింది. నాగజ్యోతి ఇప్పుడు ఆదోనిలో గురుకుల హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. నెలకు ఒకసారి, రెండో ఆదివారం, అమ్మానాన్నలు వచ్చి పిల్లల్ని చూడొచ్చు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా నాగజ్యోతి కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. "ఆ దినాన నేను మెట్ల మీద కూచుని అందరి అమ్మల చీరలు చూస్తాంటానమ్మా" అని ఒకసారి ఆ పిల్ల మామూలుగానే చెప్పింది. శివలీల ఆ మాట విని దొడ్లోకి పోయి ఏడ్చింది.

అట్లాంటి ఇంటికి, జూన్‌లో ఒక రోజు, ఒక కబురొచ్చింది. ఆలూరులో బట్టల అంగడి కేశవయ్యగారి మనవడు తేజేశ్వర్ బళ్లారి రోడ్డు మీద కుట్టు మిషన్ల షెడ్డు పెడుతున్నాడట. స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతారట. ఆడవాళ్లకు ఏడాది పొడుగునా పని. ఊరికే తీసుకోరు, పక్కనే పెట్టిన శిక్షణ కేంద్రంలో మూడు నెలలు నేర్చుకోవాలి. ముప్పై సీట్లు. ఏడాది పొడుగునా అనే మాట దగ్గర శివలీల చెవులు ఆగిపోయాయి, మిగతాది వినలేదు.

మర్నాడే షేర్ ఆటో ఎక్కి పోయింది. కేంద్రంలో పాఠం చెప్పే అమ్మాయి పేరు సుచరిత. మహానంది గుడి ముందు టెంకాయల అంగడి నడిపేవాళ్ల కూతురు, ఇరవై ఆరేళ్లుంటాయి, ఉద్యోగం కోసం ఈ ఎండల ఊరికొచ్చింది. శివలీల కార్డు తీసుకుని కంప్యూటర్లో నంబరు కొట్టింది. మళ్లీ కొట్టింది. తర్వాత తల ఎత్తి ఆమె ముఖం చూసింది.

"అక్కా, మీకు నలభై ఎనిమిదా?"

"ముప్పై ఆరు మేడం."

"కార్డులో డెబ్బై ఆరో సంవత్సరం జనవరి ఒకటి అని ఉంది. ఈ శిక్షణకు నలభై దాటితే కుదరదు. కంప్యూటరే తోసేస్తోంది, నా చేతిలో ఏం లేదు."

ఇప్పుడు రామసుబ్బమ్మ దగ్గరికి వద్దాం.

పన్నెండేళ్ల కిందట నల్లకొట్టాల బడి వరండాలో ఆధార్ క్యాంపు పెట్టారు. పుట్టిన కాగితం అనేది ఆ ఊరిలో ఎవరి దగ్గరా లేదు. కాగితం లేనివాళ్లు వయసు నోటితో చెబితే రాసుకుంటారు. శివలీల అప్పుడు ఇరవై నాలుగేళ్ల మనిషి, చంకలో బిడ్డ. నోరు తెరిచేలోగా అత్త ముందుకొచ్చింది.

"నలబై రాయి నాయనా."

"నలభై ఏందవ్వా," అన్నాడు రాసే అతను. "ఆమె చంకలో పాలు తాగే బిడ్డుంటే."

"ఏం, నలబైకి బిడ్డలు పుట్టరా? సరే, ముప్పై ఎనిమిది రాయి."

"ఇరవై ఐదు రాస్తా."

"నీ దుడ్లేమన్నా పోతాయా? ముప్పై ఆరు. ఇంగ దిగేది ల్యా."

సంతలో గొర్రెకు బేరమాడినట్టు ఆడి ముప్పై ఆరుకు తెగ్గొట్టింది. ఎందుకయ్యా అంటే, ఎంత ఎక్కువ రాయిస్తే అంత తొందరగా వృద్ధాప్య పింఛను వస్తుందట. ఇది విని వరసలో వెనక నిలబడ్డ ఆడవాళ్లకు కూడా తెలివొచ్చింది. ఆ పూట నల్లకొట్టాల ఆడవాళ్లంతా ఒక్కొక్కరు ఎనిమిదేళ్లో పదేళ్లో ముసలివాళ్లై, ఏదో సాధించినట్టు నవ్వుకుంటూ ఇంటికి పోయి పొయ్యిలు ముట్టించుకున్నారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పడుచుదనం కూడా ఏదో ఒక రోజు కాగితం మీద కావాల్సి వస్తుందని ఆ ఊరిలో ఎవరికి తెలుసు?

ఊరికే వదలడం ఇష్టం లేక శివలీల బడికి పోయింది. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే ఊరు కాబట్టి, తను చదివిన బడే. హెడ్‌మాస్టరు ఆనందం సారు మంచివాడు, ఇనుపపెట్టె తీసి, దుమ్ము దులిపి, పాత అడ్మిషన్ రిజిస్టర్లు మూడు వెతికాడు. పేరు దొరికింది. ఒకచోట కాదు, మూడు చోట్ల దొరికింది. ప్రతి జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చుకోవడం, ప్రతి శీతాకాలం 'దీర్ఘకాలం రానందున తొలగించడమైనది' అని ఎర్రసిరాతో కొట్టేయడం. పుట్టిన తేదీ గళ్లో తేదీ లేదు. మూడు చోట్లా 'అయిదు సంవత్సరములు' అని మాత్రం ఉంది. మూడేళ్లు వరసగా ఆమెకు ఐదేళ్లే.

"ఇది చూపిస్తే మార్చేవాళ్లు నవ్వుతారమ్మా," అన్నాడు సారు. ఆయన నవ్వలేదు. "తేదీ ఉంటే నేనే దగ్గరుండి మార్పించేవాణ్ని."

ఆ రోజు నుంచి శివలీల అత్తతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, మాట మాత్రం లేదు. రామసుబ్బమ్మ కూడా తక్కువ మనిషేం కాదు, ఆమె కూడా మానేసింది. ఇద్దరి మధ్య సుంకన్న నలిగిపోయాడు. ఉప్పు కావాలంటే అత్త కొడుకుతో చెప్పేది, కొడుకు పెళ్లాంతో చెప్పేవాడు, ఉప్పు మాత్రం ఆమెకు చేతికందే దూరంలోనే ఉండేది.

జూలైలో శిక్షణ మొదలైంది. శివలీల పోయి వరండాలో కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆమె కిటికీలోంచి లోపలి మిషన్లను చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుని ఇంటికొచ్చేసింది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు ఊడ్చే ఆయమ్మ రాలేదు. శివలీల లేచి మూలనున్న చీపురు తీసుకుని వరండా ఊడ్చింది, తర్వాత లోపల కూడా ఊడ్చింది. సుచరిత నోట్సు రాసుకుంటూ అంతా గమనిస్తూనే ఉంది.

"అక్కా," అంది చివరికి. "ఆ మూల ముప్పై ఒకటో మిషన్ ఉంది. దాని పెడలు సరిగా పనిచేయదు, అందుకే ఎవరికీ ఇవ్వలేదు. ఊడవడం అయిపోయాక దాని ముందు కూర్చోండి. తనిఖీకి ఎవరన్నా వస్తే లేచి చీపురు పట్టుకోండి. సర్టిఫికెట్ మాత్రం నన్ను అడగొద్దు."

"అడగను మేడం."

"మేడం ఏంటి, నేను మీకంటే పదేళ్లు చిన్నదాన్ని."

"కార్డు ప్రకారమైతే ఇరవై రెండు," అంది శివలీల. ఇద్దరూ నవ్వారు. ఆ ఎండాకాలం దాటాక శివలీల నవ్వడం అదే మొదటిసారి.

మొదటి పది రోజులు దారమూ లేదు, గుడ్డా లేదు. కాగితం మీద గీతలు గీసి ఇస్తారు, సూదికి దారం ఎక్కించకుండా ఆ గీత మీదే చిల్లులు పడేటట్టు పోవాలి. ముందు తిన్నని గీత, తర్వాత వంకరగీత, తర్వాత చుట్టలు. కరెంటు మిషన్ ఇంట్లో తొక్కే మిషన్‌లాంటిది కాదు, కాలు ఆనితే చాలు దూకుతుంది. శివలీల ముప్పై ఒకటో మిషనైతే ఆనకపోయినా దూకేది. మొదటి వారంలో కాగితాలు చిరిగి పోగులయ్యాయి. ఒకసారి సూది బొటనవేలి గోరులోంచి దిగింది. పక్క సీటు శ్రీవాసవి కెవ్వున అరిచింది. శివలీల వేలు చూసుకుని, సూది తీసి, చీర అంచుతో తుడుచుకుంది. ఇరవై ఏళ్లుగా మిరప తొడిమలు తుంచిన వేళ్లకు ఆ నొప్పి పెద్ద లెక్కలోకి రాలేదు.

ఆ వేళ్లే పనికొచ్చాయి కూడా. మిరపకోతలో ఒక చెయ్యి కొమ్మను పట్టుకుంటుంది, ఇంకొకటి తుంచుతుంది, కళ్లు అప్పటికే పక్క కొమ్మ మీద ఉంటాయి. గుడ్డకు కూడా అదే పద్ధతి అని ఆమెకు మూడో వారంలో అర్థమైంది. కుట్టేదాని వైపు చూడకూడదు, కుట్టబోయేదాని వైపు చూడాలి. ఆగస్టు చివరికి చొక్కా జేబులు కుట్టడంలో ఆ గదిలో ఆమెను మించినవాళ్లు లేరు. జేబు అడుగున ముక్కు తిరిగేచోట అందరికీ ముడత పడేది. ఆమెకు పడేది కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు వచ్చి "ఎట్ల తిప్పుతాండావు పెద్దమ్మా, చూపిచ్చు" అని అడిగేవాళ్లు. పెద్దమ్మా అన్నప్పుడు మాత్రం ఆమెకు ఒళ్లు మండేది.

అక్టోబరులో పరీక్ష పెట్టే ఆయన కర్నూలు నుంచి వచ్చాడు. ముప్పై మంది వేలిముద్రలు వేశారు, ముప్పై మంది ఫోటో దిగారు, ముప్పై మంది చొక్కాలు కుట్టారు. శివలీల చీపురు పట్టుకుని వరండాలో నిలబడింది. లోపల ముప్పై మిషన్లు ఒక్కసారి మోగుతుంటే ఆ చప్పుడులో తన మిషన్ చప్పుడు లేదని ఆమె చెవికి స్పష్టంగా తెలిసింది. మూడు నెలలుగా అణచిపెట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. గోడ పక్కకు పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

సుచరిత ఊరుకోలేదు. పరీక్ష ఆయన కారు కదలగానే శివలీలను చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకుపోయింది. తేజేశ్వర్ ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు, తాత కేశవయ్య దగ్గర బేరం నేర్చుకున్నవాడు, మాట తక్కువ. సుచరిత చెప్పింది విని, సర్టిఫికెట్ సంగతి ఎత్తకుండా, కత్తిరించిన జేబుల కట్ట ఒకటి ముందు పెట్టి ఫోనులో టైము చూశాడు. పది నిమిషాల తర్వాత జేబులు లెక్కపెట్టాడు. ఒకటి తీసి వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇట్ల కుడితే నాకు ఇంగేం కావల్ల," అన్నాడు. "దీపావళి అయినాక సోమవారం రాండి. కార్డు ఇట్లివ్వండి, పీఎఫ్‌లో ఎక్కించల్ల."

కార్డు చూశాక అతని ముఖం కొంచెం మారింది.

"నలభై ఎనిమిదా? అట్ల కనపడరే."

శివలీల జరిగింది చెప్పింది. అతను నవ్వలేదు, గడ్డం గోక్కున్నాడు.

"ఈడ వయసు ఎచ్చున్నా పనికి అడ్డం ల్యామ్మా. కానీ కార్డులో యాభై ఎనిమిది నిండిన దినాన ఆపేయల్ల. మీరు ముప్పై ఆరని నాకు తెలిసినా, కాగితానికి తెల్దు గదా. అంటే పదేండ్లు. ముప్పై ఆరే అయ్యుంటే ఇరవై రెండేండ్లు ఉండేవాళ్లు."

శివలీల లెక్కేసుకుంది. నలభై ఆరేళ్లకు, చేతులు ఇంకా గట్టిగా ఉండగానే, ముసలిదానివైపోయావు ఇంటికి పో అంటారు. ఆ తర్వాత మళ్లీ లారీయే. పన్నెండేళ్లు, చేతిలో పెట్టి లాక్కున్నట్టు. కానీ ఆమె ముప్పై ఆరేళ్లుగా కోరుకున్నది ఒక్క ఏడు.

"పదేండ్లు ఇంటికాడ ఉండొచ్చు గదా సార్?" అంది.

"ఉండొచ్చు."

"ఐతే సోమారం వస్తా."

ఇంటికొచ్చేసరికి ఆ సంతోషమంతా ఎటో పోయి కోపం మిగిలింది. రామసుబ్బమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. నాలుగు నెలల మౌనం ఒక్క దెబ్బకు తెగింది.

"పని దొరికింది. పదేండ్లే. ఇంగ పన్నెండేండ్లు నువ్వు తిన్యావు," అంది శివలీల. "నా వయసు నీకేం అడ్డమొచ్చె అత్తా? నీ పింఛనాశ నీ మీద పెట్టుకోకుండా నా మీద ఏంటికి పెడితివి?"

అత్త చాట కింద పెట్టింది. ఎదురు తిడుతుందని శివలీల నిలబడి చూస్తోంది. ఆమె తిట్టలేదు.

"నా కార్డు తీసి చూడు పో. నా వయసు నేను ఒక ఏడన్నా ఎక్కిచ్చుకోల్యా. ఉండేదే రాపిస్తి."

"మరి నాకేంటికి?"

"పింఛనొచ్చే మనిషివైతే సుగ్గి మానుకుని ఇంటికాడ ఉంటావని." రామసుబ్బమ్మ గొంతు సన్నబడింది. "మీరంతా లారీ ఎక్కి పోతారు. ఆరు నెల్లు ఈ వీధిలో నాతో మాట్లాడే నరమానవుడు ఎవరుండారు చెప్పు. మీరు పోయినాక మూడు దినాలు నేను పొయ్యి ముట్టిచ్చను, తెలుసునా నీకు? నువ్వు కొత్తకోడలుగా వచ్చిన ఏడు, లారీ మీద నుంచి తిరిగి తిరిగి చూస్తా పోతివి. ఈ పిల్లకు ఇంటి మీద పానం ఉండాది, దీన్నన్నా తొందరగా ఇంటికాడ నిలబెట్టుకుందామనుకుంటి. నాకేం తెలుసు, సదువుకున్నదాన్నా?"

పెళ్లయి ఇన్నేళ్లైంది, తాము పోయాక ఈ ముసలామె ఎట్లా ఉంటుందని ఒక్కసారి కూడా అడగలేదు. తనకున్న బెంగే అత్తకూ ఉంది, పైగా తనకంటే ముందునుంచి ఉంది. కోపం పోలేదు, పన్నెండేళ్లంటే మాటలా. కానీ పక్కన కూర్చుని చాట తీసుకుని కందులు చెరిగింది. ఆ సాయంత్రం ఉప్పు అడగడానికి సుంకన్న అవసరం పడలేదు.

దీపావళి అయిపోయింది. ఓబుళేశు లారీ వచ్చి వీధి మొదట్లో నిలబడింది.

సుంకన్న కూడా ఆగిపోతాడేమోనని శివలీలకు లోపల ఆశ ఉండేది. అతనికి ఆలూరులో దొరికే పని లేదు. శిక్షణ కేంద్రంలో మగవాళ్లకేం నేర్పరు, షెడ్డులో మగవాళ్లను తీసుకోరు, ఉన్న రెండెకరాలు వాన కోసం చూస్తున్నాయి. "నువ్వుండుమే," అన్నాడు. "ఇద్దరిలో ఒకరన్నా నాగజ్యోతి కాడికి పోతే చాలు." ఈ మాట అని సంచి సర్దుకోవడానికి పోయాడు గానీ అతనికి ఏ సంచిలో ఏముంటుందో తెలియదు, ప్రతి ఏడూ సర్దేది ఆమే. ఈసారి కూడా ఆమే సర్దింది. ఒక అన్నం తట్ట, ఒక చెంబు, ఒక దుప్పటి. రెండేసి పెట్టడం అలవాటైన చేతులు రెండో తట్టను మూడుసార్లు సంచిలో పెట్టి మూడుసార్లు తీశాయి. అన్నం ఎంతసేపు ఉడకాలో చెప్పింది. పక్కింటి కృష్ణవేణమ్మ ఈ ఏడు కూడా పోతోంది, ఆమెను పక్కకు పిలిచి "అక్కా, కూర కొంచెం ఎచ్చు చేసి ఆయప్పకు పెట్టు" అని చేతులు పట్టుకుంది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. శివలీల సంచి అందించడానికి లారీ దగ్గరికి పోయింది. సంచి అందించింది. తర్వాత ఏం జరిగిందో ఆమెకే తెలియదు. కాలు దానంతటదే పోయి టైరు మీద నిలబడింది, చెయ్యి పోయి పక్క చెక్కను పట్టుకుంది. ఇన్నేళ్లు ఎక్కిన కాలు కదా. పైన ఉన్న కృష్ణవేణమ్మ కూడా అలవాటుగా చెయ్యి అందించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు దిగల్ల శివలీలా," అంది కృష్ణవేణమ్మ మెల్లగా.

దిగింది. లారీ పోయింది. దుమ్ము అణిగేదాకా సుంకన్న చెయ్యి పైకి కనిపించింది. తిరిగి చూస్తే అరవై గడపలకు యాభై దాకా తాళాలు. గడపల్లో అక్కడొకరు ఇక్కడొకరు ముసలివాళ్లు కూర్చుని లారీ పోయిన దారి చూస్తున్నారు. రామసుబ్బమ్మ లేచి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

సోమవారం నుంచి షెడ్డు. ఆటోలో పోవడం, జేబులు కుట్టడం, పొద్దుగూకేముందు రావడం. నవంబరు రెండో ఆదివారం ఆదోని హాస్టల్ గేటు తెరిచేటప్పటికి శివలీల ముందు వరసలో నిలబడి ఉంది. నాగజ్యోతి ఆమె కోసం చూడనే లేదు. అలవాటు లేదు కదా. మెట్ల మీద కూర్చుని ఎవరి చీరలో చూస్తోంది. తన వైపు వచ్చే చీరలో అమ్మ ఉందని తెలుసుకోవడానికి ఆ పిల్లకు కాసేపు పట్టింది. తర్వాత లేచి వచ్చిన ఊపుకు ఇద్దరూ పడబోయారు. ఆ ఒక్క పూట కోసం ఎన్ని జేబులైనా కుట్టొచ్చని శివలీల అనుకుంది.

కానీ ఇంటికొచ్చాక వేరు. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ ఎదురొచ్చేవాళ్లు కాదు, ఆ కుక్కలు కూడా తిండి వేసేవాళ్లు లేక ఎముకలు తేలి ఉన్నాయి. నీళ్ల దగ్గర పోట్లాడటానికి మనిషి లేదు. తన మిద్దెలో, తన చాప మీద, తను పడుకుంది, అంతకాలం కోరుకున్నట్టే. పక్కన సుంకన్న లేడు. గోడ అవతల కృష్ణవేణమ్మ దగ్గు లేదు. అక్కడ మిరప చేలల్లో ఉన్నప్పుడు ఇంటి కోసం అల్లాడేది, ఇక్కడికొచ్చాక ఆ పట్టాల దగ్గర సాయంత్రం పూట లేచే కబుర్ల కోసం అల్లాడుతోంది. ఇదేం మనసో, ఇది ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

జనవరి చివర ఒక ఆదివారం, మధ్యాహ్నం అన్నాల వేళకు, సుంకన్న ఫోను చేశాడు.

"తిన్యావా?"

"తిన్యా. నువ్వు?"

"తిన్యా. కృష్ణవేణమ్మ చింతాకు పప్పు పెట్టింది. మేయ్, మన ఊరు ఇప్పుడు ఎట్లుండాది?"

"ఎట్లుంటాది, ఉన్నెట్లే ఉండాది."

"అట్లగాదు. నేను ఈ నెలలో ఎప్పుడూ చూల్యా గదా. చెప్పు."

శివలీల ఫోను పట్టుకుని గడప దాటింది. "ఎండ మన తలుపు మీద పడదు ఇప్పుడు. పక్కగా గోడ మీదికి పోతాది. పొద్దున పూట మంచు. పెద్దరైతుల శనగ చేను పచ్చగా ఉండాది, ఎర్రమన్ను దిబ్బ కాడిదాకా."

"శనగ పూసిందా?"

"పూత అయిపోయి కాయ పడతాంది."

అవతల ఏదో గలాటా వినిపించింది. కృష్ణవేణమ్మ గొంతు దగ్గరికొచ్చింది. "శివలీలా, మా వాకిట్లో రేగిచెట్టు ఉండాది గదా. నా పెండ్లప్పటికే అది పెద్ద చెట్టు. అది పండేది నేను ఒక్క ఏడన్నా చూల్యా. ఇప్పుడు పండిందా?"

శివలీల నడిచి ఆ వాకిలి ముందుకు పోయింది. చెట్టు కింద నేలంతా పండ్లు రాలి ఉన్నాయి, కొన్ని ఎర్రగా, కొన్ని ముడతపడి. తొక్కకుండా పక్కకు జరిగింది. "పండిందక్కా. కింద రాలి పడిండాయి. చిలకలు వచ్చి తింటాండాయి."

"తియ్యగా ఉంటాయా?"

ఒకటి ఏరి తిన్నది. "పుల్లగా ఉండాయి. కొంచెం తియ్యగా."

అవతల ఎవరో ఫోను స్పీకరులో పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. మా తలుపు బాగుందా. మా గోడ పడిపోయిందా. మా చింతచెట్టు కాయ దిగిందా. మా నాయన గడపలో కూచున్నాడా, కంబళి కప్పుకున్నాడా. శివలీల తాళం వేసిన తలుపు తలుపు దగ్గరా ఆగి, చూసింది చూసినట్టు చెబుతూ వీధంతా నడిచింది. నడిచే కొద్దీ అవతల గలాటా తగ్గిపోయింది. చివరి ఇల్లు దాటేసరికి అక్కడ అంతమంది ఉన్నారన్నమాటే గానీ ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు.

"అయిపోయింది," అంది శివలీల. "ఇంగ ఇండ్లు లేవు."

తర్వాత సుంకన్న గొంతు వచ్చింది.

"మల్లొకసారి చెప్పుమే. మన ఇంటికాడి నుంచి."

శివలీలకు ఏడుపు ఆగలేదు. వాళ్లందరి మధ్యలో కూర్చుని, చింతాకు పప్పు తింటూ, ఇంకెవరైనా ఫోనులో చెబుతుంటే తను వినాలని ఆమెకు ఉంది. కానీ ముసలివాళ్లు పోను ఊరిలో ఉన్నది తనే, కళ్లున్నది తనకే. కొంగుతో ముఖం తుడుచుకుని, తిరిగి వీధి మొదటికి నడిచి, తన తలుపు ముందు నిలబడి, చెప్పడం మొదలుపెట్టింది.